లినక్స్ మళ్లీ వేసుకునే ముందు, వేసుకున్నాక: బ్యాకప్ నుంచి రీస్టోర్ దాకా

లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించడానికి అరగంట చాలు. అంతకుముందు బ్యాకప్ ఎలా తీశారు, ఆ తర్వాత దాన్ని ఏ వరసలో వెనక్కి తెచ్చారు అన్నదాన్ని బట్టే పని కుదిరిందో చెడిందో తేలుతుంది. పాత సెట్టింగులన్నీ ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పోస్తే, ఏ జబ్బు వదిలించుకుందామని మళ్లీ వేశారో అదే కొత్త సిస్టంలోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే ఇక్కడ ఇన్‌స్టాలర్ స్క్రీన్ల గురించి తక్కువ, అటూ ఇటూ ఉన్న పని గురించి ఎక్కువ రాస్తున్నాం. ఉదాహరణలు ఉబుంటు, డెబియన్, మింట్‌లకి సరిపోతాయి. ఫెడోరాలో ఏప్ట్ (ప్రోగ్రాములు వేసే కమాండ్) బదులు డీఎన్ఎఫ్ వాడాలి, మిగతాదంతా దాదాపు ఒకటే.

అసలు మళ్లీ వేయాలా?

లాగిన్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోందంటే చాలాసార్లు సిస్టం బాగానే ఉంటుంది, డిస్కు నిండిపోయి ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ లాగిన్‌లోకి వెళ్లి, డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్‌ని చిన్న హెచ్ ఆప్షన్‌తో (కమాండ్ పక్కన -h అని చేర్చి) కొట్టండి. రూట్ పార్టిషన్ (సిస్టం ఉండే భాగం, పేరు స్లాష్) 100 శాతం చూపిస్తే ఏప్ట్ క్లీన్, ఏప్ట్ ఆటోరిమూవ్ నడపండి. జర్నల్‌సీటీఎల్‌కి వ్యాక్యూమ్ సైజ్ ఆప్షన్ ఇచ్చి లాగ్‌లని 200 ఎంబీకి దించండి. డిస్కులో చోటుంటే మీ సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్అథారిటీ ఫైలు ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఎప్పుడైనా గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ని సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడిపితే ఆ ఫైలు రూట్ అనే అడ్మిన్ యూజర్ పేరు మీదకి మారిపోయి ఇదే లాగిన్ చక్రం మొదలవుతుంది. ఆ ఫైలు తీసేస్తే సరిపోతుంది, సిస్టం దాన్ని మళ్లీ తయారు చేసుకుంటుంది.

డిస్కే పోతున్నట్టయితే దానిమీద కొత్త సిస్టం వేసి లాభం లేదు. డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని, స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కి చిన్న ఏ ఆప్షన్, డిస్కు పేరు ఇచ్చి చూడండి. సాటా డిస్కుల్లో చూడాల్సిన వరసలు రెండు: రీఅలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్. పెండింగ్ సున్నా కాకపోతే కొన్ని సెక్టార్లు చదవడానికి డిస్కు తంటాలు పడుతోందని అర్థం. అప్పుడు ముందు డేటా బయటికి తీసి, డిస్కు మార్చి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ సంగతి చూడండి. ఎన్‌వీఎంఈ డిస్కుల్లో మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్ అనే వరస చూడాలి. అక్కడ సున్నా ఉండాలి.

బ్యాకప్ ఎక్కడికి, ఎలా

ఎక్స్‌టర్నల్ డిస్కు లినక్స్ సొంత ఫైల్ సిస్టం ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ అయి ఉండటం అన్నిటికంటే మంచిది. కొన్నప్పుడు డిస్కు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి, ఫ్యాట్32కి ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు అన్న వివరాలు దాచుకోవడం రాదు, సింబాలిక్ లింకులూ నిలవవు. దాంట్లోకి కాపీ చేసి వెనక్కి తెస్తే ప్రతి ఫైలుకీ ఒకే రకం పర్మిషన్లు వస్తాయి, ఎస్ఎస్‌హెచ్ తాళాలు (వేరే కంప్యూటర్లలోకి లాగిన్ అవడానికి వాడే కీ ఫైళ్లు) పనిచేయవు. విండోస్‌తో పంచుకునే డిస్కే దిక్కయితే ఫైళ్లని విడివిడిగా కాపీ చేయకుండా ఒకే టార్ ఫైలుగా కట్టి పెట్టండి. పర్మిషన్లు ఆ మూటలో భద్రంగా ఉంటాయి. ఫ్యాట్32 మాత్రం వద్దు, 4 జీబీ దాటిన ఫైలుని అది తీసుకోదు.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫైల్ మేనేజర్ తెరిచి డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ లాక్కెళ్లి డిస్కులో పడేసి బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. కంట్రోల్, హెచ్ నొక్కితే అప్పుడు కనిపిస్తాయి చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు. మెయిళ్లు, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, ఎస్ఎస్‌హెచ్ తాళాలు, జీపీజీ (ఎన్‌క్రిప్షన్) తాళాలు అన్నీ వాటిల్లోనే ఉంటాయి. కాబట్టి హోమ్ ఫోల్డర్ మొత్తం తీసుకోండి.

దానికి ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌ని మించింది లేదు. ఆప్షన్లు ఇవి: చిన్న ఏ, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్. మొదటిది పర్మిషన్లు, తేదీలు, లింకులు కాపాడుతుంది. రెండోది హార్డ్ లింకుల్ని (ఒకే ఫైలుకి ఉన్న రెండో పేరు), మూడోది ఏసీఎల్‌లని (అదనపు పర్మిషన్లు), నాలుగోది ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లని (ఫైలుకి తగిలించిన అదనపు వివరాలు). దానికి ప్రోగ్రెస్ ఆప్షన్ జోడిస్తే ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. ఎక్స్‌క్లూడ్ ఆప్షన్‌తో డాట్ క్యాష్‌నీ, డాట్ లోకల్, షేర్ లోపలి ట్రాష్‌నీ వదిలేయండి. క్యాష్ ఒక్కటే పది, ఇరవై జీబీ ఉండటం మామూలే.

స్లాష్ దగ్గర జాగ్రత్త. కాపీ చేయాల్సిన ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే దాని లోపలున్నవి మాత్రమే వెళ్తాయి. పెట్టకపోతే ఆ ఫోల్డరే వెళ్లి గమ్యంలో ఇంకో అంతస్తు తయారవుతుంది. రీస్టోర్ చేసేటప్పుడు ఈ తేడా వల్లే హోమ్ లోపల ఇంకో హోమ్ వచ్చి కూర్చుంటుంది. కమాండ్ కొట్టే ముందు చిన్న ఎన్ ఆప్షన్ తగిలించి ఒకసారి ఉత్తుత్తిగా నడపండి, ఏ ఫైలు ఎక్కడికి వెళ్తుందో చెబుతుంది గానీ దేన్నీ ముట్టుకోదు. డిలీట్ ఆప్షన్ని ఈ పనిలో ఎక్కడా వాడకండి. మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ ఫోల్డర్‌ని చూసి బ్యాకప్ మొత్తాన్ని తుడిచేసేది అదే.

హోమ్ బయట ఉన్నవి మర్చిపోతారు. సిస్టం సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ మొత్తం తీసుకోండి. వెనక్కి పోయడానికి కాదు, తర్వాత తెరిచి చూసుకోవడానికి. దాని లోపలే నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్లో సిస్టం కనెక్షన్స్ అని ఉంటుంది, వైఫై పాస్‌వర్డ్‌లు సాధారణంగా అందులో ఉంటాయి, ఉబుంటు 23.10 నుంచి మాత్రం ఈటీసీలోనే నెట్‌ప్లాన్ ఫోల్డర్లో ఉంటాయి. అలాగే ఆప్ట్, యూఎస్ఆర్ లోకల్, వెబ్ సర్వర్ నడుపుతుంటే వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ. వర్చువల్ మెషీన్లుంటే వార్, లిబ్, లిబ్‌వర్ట్ కింద ఇమేజెస్. డాకర్ వాడితే దాని డేటా ఉండే వాల్యూమ్‌లు. వేళకి వాటంతటవే నడిచే పనుల జాబితా కోసం క్రాన్‌ట్యాబ్‌ని చిన్న ఎల్ ఆప్షన్‌తో నడిపి, వచ్చింది ఫైల్లో దాచుకోండి.

డేటాబేస్ సంగతి వేరు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ నడుస్తుండగా వాటి ఫైళ్లని నేరుగా కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో చిక్కుతాయి, కొత్త సిస్టంలో తెరుచుకోకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌డంప్, పీజీ డంప్‌ఆల్ కమాండ్లతో టెక్స్ట్‌గా దించుకోండి. ఆ టెక్స్ట్ ఫైలు కొత్త వెర్షన్‌లోకి కూడా ఎక్కుతుంది.

వేసుకున్న ప్యాకేజీల జాబితా కోసం ఏప్ట్ మార్క్ షో మాన్యువల్ కమాండ్ నడిపి ఫైల్లోకి పంపండి. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ (ఏప్ట్ కాకుండా ప్రోగ్రాములు వేసే వేరే పద్ధతులు) వాడుతుంటే వాటి జాబితాలు విడిగా తీయాలి.

సిస్టం స్నాప్‌షాట్లు తీసే టైమ్‌షిఫ్ట్ ఉందిగా అని ధీమా పడొద్దు. అది సిస్టం ఫైళ్లని దాస్తుంది. హోమ్‌ని కూడా దాచమని మీరు ప్రత్యేకంగా చెప్పి ఉంటే తప్ప మీ డాక్యుమెంట్లు అందులో ఉండవు. పైగా ఆ స్నాప్‌షాట్లు తుడవబోయే డిస్కులోనే ఉన్నాయేమో కూడా చూసుకోండి.

బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. రెపోకీ పద్ధతిలో తాళం బ్యాకప్ ఉండే రిపాజిటరీలోనే ఉంటుంది, పాస్‌ఫ్రేజ్ గుర్తుంటే చాలు. కీఫైల్ పద్ధతిలో అది హోమ్‌లో డాట్ కాన్ఫిగ్, బోర్గ్, కీస్ కింద ఉంటుంది, అంటే మీరు తుడవబోయే చోటే. పెట్టెకి తాళం వేసి చెవి లోపలే వదిలేసినట్టు. బోర్గ్ కీ ఎక్స్‌పోర్ట్ కమాండ్‌తో దాన్ని బయటికి తీసి కాగితం మీద అచ్చు వేసుకోండి. డేజా డూప్, రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాములలో పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ పోయినట్టే. అది ఈ లాప్‌టాప్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌లో మాత్రమే ఉందా అన్నది ఇప్పుడే చూసుకోవాలి.

బ్యాకప్ నిజంగా ఉందా అని చూడటం చివరి పని. ఇందాకటి ఆర్‌సింక్ కమాండ్‌నే చిన్న ఎన్, చిన్న సీ, చిన్న ఐ జోడించి మళ్లీ నడపండి. ఈసారి తేదీ, సైజు కాకుండా ప్రతి ఫైలునీ చదివి పోలుస్తుంది. చాలాసేపు పడుతుంది. ఓపిక పట్టండి. ఈ లోపు మారిన లాగ్‌లో, బ్రౌజర్ ఫైళ్లో తప్ప ఇంకేమీ చూపించకపోతే కాపీ సరిగ్గా ఉన్నట్టు. తర్వాత ఆ డిస్కుని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి.

సిస్టం అసలు బూట్ కాకపోతే ఇదంతా లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) నుంచి చేయొచ్చు. ఫైల్ మేనేజర్‌లో పాత పార్టిషన్ మీద క్లిక్ చేస్తే మౌంట్ అవుతుంది, అంటే ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఆర్‌సింక్‌ని సుడోతో నడపాలి, లేకపోతే కొన్ని ఫైళ్లు చదవడానికి ఒప్పుకోదు.

ఇన్‌స్టాల్ యూఎస్‌బీ

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దానిలో ఉన్నదంతా పోతుంది. ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఇమేజ్ ఫైలు) దించుకున్నాక షా256సమ్ కమాండ్ నడిపి, వచ్చిన సంఖ్యని డిస్ట్రిబ్యూషన్ సైట్లో ఇచ్చినదానితో పోల్చండి. ఇన్‌స్టాల్ మధ్యలో అర్థంకాని ఎర్రర్లు రావడానికి సగం దిగిన ఐఎస్ఓ, పాడైన పెన్‌డ్రైవ్ మామూలు కారణాలు.

ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లోకి రాయడానికి డీడీ కమాండ్ వాడితే, ముందు డిస్కుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌బీఎల్‌కే నడిపి, సైజు చూసి పెన్‌డ్రైవ్ ఏదో తేల్చుకోండి. ఎస్‌డీబీ1 లాంటి పార్టిషన్ పేరు కాదు, ఎస్‌డీబీ అని మొత్తం డిస్కు పేరు ఇవ్వాలి. పార్టిషన్‌లోకి రాస్తే బూట్ కాదు, తప్పు డిస్కు పేరు ఇస్తే అది ఏమీ అడగకుండా తుడిచేస్తుంది. బ్లాక్ సైజు 4 ఎంబీ, చివర కన్వ్ ఎఫ్‌సింక్ పెట్టండి. అది లేకపోతే కమాండ్ ముగిసినా డేటా ఇంకా మెమరీలోనే ఉండి, మీరు లాగేసిన పెన్‌డ్రైవ్‌లోకి సగమే చేరుతుంది.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు బ్యాకప్ డిస్కు తీసి పక్కన పెట్టండి. కనెక్ట్ అయి ఉన్న డిస్కునే ఇన్‌స్టాలర్ తుడవగలదు.

బూట్ మెనూ కోసం ఎక్కువ లాప్‌టాప్‌లలో ఎఫ్12, కొన్నిట్లో ఎఫ్9 లేదా ఎస్కేప్. లైవ్‌లోకి వచ్చాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, మూత మూసి తెరిస్తే నిద్రలేవడం, ఇవన్నీ చూడండి. వైఫై కనిపించకపోతే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది. డెబియన్‌లో 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ (వైఫై చిప్పుల్లాంటివాటికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) కూడా మామూలు ఇన్‌స్టాల్ ఇమేజ్‌లోనే ఉంటోంది, కాబట్టి ఈ బాధ బాగా తగ్గింది.

ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ అనో ఆర్ఎస్‌టీ అనో ఉండి ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. అదే డిస్కులో విండోస్ ఉంటే మాత్రం ముందు దాన్ని సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, తర్వాత మార్చండి. నేరుగా మారిస్తే విండోస్ లేవదు. విండోస్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోకుండా బయోస్‌లో దేన్నీ ముట్టుకోవద్దు.

పార్టిషన్లు

విండోస్ లేదు, హోమ్ విడిగా లేదు అనుకుంటే డిస్కు మొత్తం తుడిచే ఆప్షన్ ఎంచుకోండి, ఆలోచించాల్సింది ఏమీ లేదు. లాప్‌టాప్ బయటికి తీసుకెళ్లేదైతే ఎన్‌క్రిప్షన్‌కి టిక్ పెట్టండి.

హోమ్ వేరే పార్టిషన్‌లో ఉంటే మాన్యువల్ ఎంచుకోవాలి. ఇక్కడ మూడు వరసలు ముఖ్యం. రూట్‌గా ఉన్న పాత పార్టిషన్‌కి మౌంట్ పాయింట్ (అది ఏ ఫోల్డర్‌గా కనిపించాలన్నది) స్లాష్, ఫార్మాట్ టిక్ ఉండాలి. హోమ్ పార్టిషన్‌కి మౌంట్ పాయింట్ స్లాష్ హోమ్, ఫార్మాట్ టిక్ ఉండకూడదు. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ ఫ్యాట్32లో 100 ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఏదో ఒక సైజులో కనిపిస్తుంది, దానికి మౌంట్ పాయింట్ స్లాష్ బూట్ స్లాష్ ఈఎఫ్ఐ, ఫార్మాట్ టిక్ వద్దు. విండోస్ బూట్‌లోడర్ కూడా అక్కడే ఉంటుంది. ఇన్‌స్టాల్ నొక్కగానే వచ్చే చివరి స్క్రీన్‌లో ఏవేవి ఫార్మాట్ అవుతాయో జాబితా ఇస్తుంది. దాన్ని గట్టిగా చదవండి. హోమ్ పేరు అందులో ఉంటే వెనక్కి వెళ్లండి.

కొత్తగా విడగొట్టుకునేవాళ్లకి రూట్ 60 జీబీ సౌకర్యంగా ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్, డాకర్ ఎక్కువ వాడేవాళ్లు 100 ఉంచుకోండి, అవి రూట్‌నే తింటాయి. హైబర్నేట్ కావాలంటే స్వాప్ (మెమరీకి తోడుగా వాడే డిస్కు భాగం) కనీసం ర్యామ్ అంత ఉండాలి.

యూజర్‌నేమ్ పాతదే పెట్టండి. అయితే ఫైలు ఎవరిదన్నది లినక్స్ యూజర్ పేరుతో కాదు, యూఐడీ అనే సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరాలలో మొదటి యూజర్‌కి 1000 వస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు యూజర్లుంటే పాత వరసలోనే సృష్టించండి, లేకపోతే ఒకరి ఫైళ్లు ఇంకొకరివి అవుతాయి. పాస్‌వర్డ్ కూడా ప్రస్తుతానికి పాతదే ఉంచండి. ఎందుకో కింద వస్తుంది.

వెనక్కి తేవడం

బూట్ అవగానే అప్‌డేట్ చేసి, రీబూట్ చేసి, తర్వాత ప్యాకేజీలు. పాత జాబితాని గుడ్డిగా ఏప్ట్‌కి ఇస్తే పనిచేయదు. అందులో ఒక్క పేరు కొత్త వెర్షన్‌లో లేకపోయినా ఏప్ట్ మొత్తం ఆపేస్తుంది, మిగతావి కూడా వేయదు. జాబితా తెరిచి, లినక్స్ ఇమేజ్ అని, లిబ్ అని మొదలయ్యేవి తీసేయండి, మిగిలినవాటిలో నిజంగా వాడేవే ఉంచుకోండి. సాధారణంగా పాతిక ముప్ఫై మిగులుతాయి. బయటి రిపాజిటరీలని (డిస్ట్రిబ్యూషన్‌వి కాని ప్యాకేజీ మూలాలు) కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మళ్లీ జోడించాలి, పాత ఫైళ్లు కాపీ చేయకండి.

ఇప్పుడు బ్యాకప్ డిస్కు పెట్టండి. చోటుంటే మొత్తాన్ని హోమ్‌లో 'పాతది' అనే ఫోల్డర్‌లోకి దించుకుని, అక్కడి నుంచి ఒక్కొక్కటే జరుపుకోవడం మా సలహా. అదే పార్టిషన్‌లో జరపడం క్షణంలో అయిపోతుంది, ఏదైనా తేడా కొడితే ఏది తెచ్చాక వచ్చిందో తెలుస్తుంది. డాక్యుమెంట్లు, ఫొటోలు నేరుగా తెచ్చేయండి, వాటితో ప్రమాదం లేదు. చుక్క ఫోల్డర్ల దగ్గరే నెమ్మదిగా పోవాలి.

మొదట డాట్ ఎస్ఎస్‌హెచ్, డాట్ జీఎన్‌యూపీజీ. ఫోల్డర్లకి పర్మిషన్ 700, ప్రైవేట్ తాళాలకి 600 ఉండాలి, అంటే మీరు తప్ప ఇంకెవరూ తెరవలేకుండా. ఇతరులు చదవగలిగేలా ఉన్న తాళాన్ని ఎస్ఎస్‌హెచ్ వాడనే వాడదు, పెద్ద హెచ్చరిక చూపించి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎక్స్‌ఫ్యాట్ నుంచి తెచ్చినవాళ్లకి ఇది తప్పకుండా ఎదురవుతుంది.

తర్వాత డాట్ లోకల్, షేర్ కింద కీరింగ్స్. బ్రౌజర్ తెరవకముందే దీన్ని తెచ్చుకోండి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచే ఈ కీరింగ్ మీ పాత లాగిన్ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ పాతదే ఉంచమన్నది అందుకే. క్రోమ్, క్రోమియం తమ పాస్‌వర్డ్‌లకి తాళాన్ని ఈ కీరింగ్‌లోనే పెడతాయి, కాబట్టి ప్రొఫైల్ ఒక్కటే తెచ్చి కీరింగ్ వదిలేస్తే బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డ్‌లు రావు. ఇది తెచ్చాక ఒకసారి లాగౌట్ అయి రండి.

ఫైర్‌ఫాక్స్‌లో చిక్కు వేరు. ప్రొఫైల్ ఎక్కడుండాలన్నది ఫైర్‌ఫాక్స్ ఎలా వేసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు ప్యాకేజీ అయితే చాలా సిస్టంలలో డాట్ మొజిల్లా కింద, స్నాప్ అయితే హోమ్‌లోని స్నాప్, ఫైర్‌ఫాక్స్, కామన్ కింద, ఫ్లాట్‌ప్యాక్ అయితే డాట్ వార్, యాప్ కింద. పాత డాట్ మొజిల్లా తెచ్చి హోమ్‌లో పెట్టి, స్నాప్ ఫైర్‌ఫాక్స్ తెరిచి అంతా పోయిందని కంగారుపడేవాళ్లు చాలామంది. అడ్రస్ బార్‌లో అబౌట్ ప్రొఫైల్స్ అని కొడితే ఇప్పుడు ఏ ఫోల్డర్ వాడుతోందో చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ పూర్తిగా మూసి, పాత ప్రొఫైల్ లోపలి ఫైళ్లని ఆ ఫోల్డర్‌లోకి పోయండి. పాస్‌వర్డ్‌లు మాత్రమే కావాలంటే లాగిన్స్ డాట్ జేసన్, కీ4 డాట్ డీబీ రెండూ కలిపి తేవాలి, ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. కొత్తగా వేసింది పాతదానికంటే తక్కువ వెర్షన్ అయితే ఆ ప్రొఫైల్ తెరవనంటుంది. ముందు అప్‌డేట్ చేయమన్నది ఇందుకు కూడా. థండర్‌బర్డ్‌కీ ఇదే పద్ధతి.

మిగతా ప్రోగ్రాముల సెట్టింగులు డాట్ కాన్ఫిగ్ నుంచి ఒక్కొక్క ఫోల్డర్‌గా, అవసరం వచ్చినప్పుడే తెచ్చుకోండి. తేకూడనివి: డాట్ క్యాష్, డాట్ ఎక్స్అథారిటీ, డాట్ ఐసీఈఅథారిటీ, మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్, గ్నోమ్ ఎక్స్‌టెన్షన్లు, డెస్క్‌టాప్ వెర్షన్ మారితే ప్లాస్మా సెట్టింగులు. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు కూడా పాతవి తెచ్చి లాభం లేదు, అవి పాత పైథాన్ వెర్షన్‌కి కట్టుబడి ఉంటాయి. రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో మళ్లీ కట్టుకోవడమే.

అంతా అయ్యాక హోమ్‌లో రూట్ పేరు మీద ఉండిపోయిన ఫైళ్లు ఏమైనా ఉన్నాయేమో చూసి, ఫైళ్లు ఎవరి పేరు మీద ఉండాలో మార్చే ఛోన్ కమాండ్‌ని పెద్ద ఆర్ ఆప్షన్‌తో మీ హోమ్ మీద నడపండి. మీ హోమ్ మీద మాత్రమే. స్లాష్ దగ్గర నడిపితే మళ్లీ మొదటికొస్తుంది.

వైఫై కనెక్షన్ ఫైళ్లని ఈటీసీ లోపల అదే చోట పెట్టి, రూట్ పేరు మీదకి మార్చి, పర్మిషన్ 600 ఇచ్చి, నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చేయాలి. పర్మిషన్ సడలిస్తే వాటిని పట్టించుకోదు.

బూట్ దగ్గర ఆగితే

పాత ఎఫ్‌స్టాబ్‌ని (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసి ఉండే ఈటీసీలోని ఫైలు) కొత్త సిస్టంలోకి కాపీ చేస్తే జరిగేది ఇది: స్క్రీన్ మీద ఒక ఎర్ర నక్షత్రం అటూ ఇటూ కదులుతూ నిమిషంన్నర లెక్క నడుస్తుంది, తర్వాత ఎమర్జెన్సీ మోడ్ అని వచ్చి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఫార్మాట్ అవగానే పార్టిషన్ గుర్తింపు సంఖ్య యూయూఐడీ మారిపోతుంది, సిస్టం లేని దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి చేతులెత్తేస్తుంది. లైవ్ యూఎస్‌బీతో లేచి, బీఎల్‌కేఐడీ నడిపి కొత్త యూయూఐడీలు చూసి ఫైల్లో సరిచేయండి. ఎక్స్‌టర్నల్ డిస్కుల వరసలకి నోఫెయిల్ అని జోడిస్తే అవి లేకపోయినా బూట్ ఆగదు.

ఏ సిస్టం తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో విండోస్ కనిపించకపోతే తుడిచిపెట్టుకుపోయిందని భయపడొద్దు. గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టంలని వెతకడం మామూలుగా ఆపేసి ఉంటుంది. ఈటీసీ, డిఫాల్ట్, గ్రబ్ ఫైల్లో గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ విలువని ఫాల్స్ చేసి, ఓఎస్ ప్రోబర్ ప్యాకేజీ ఉందో లేదో చూసి, అప్‌డేట్ గ్రబ్ నడపండి. లాప్‌టాప్ నేరుగా విండోస్‌లోకే పోతుంటే ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో బూట్ వరస మార్చాలి, లేదా బయోస్‌లోనే మార్చొచ్చు.

పాత బ్యాకప్‌ని కనీసం నెలరోజులు కదిలించకండి. ఏదో ఫాంటో, ఎప్పుడో రాసుకున్న స్క్రిప్టో మూడో వారంలో గుర్తొస్తుంది. కొత్త సిస్టం నుంచి మొదటి బ్యాకప్ తీసేటప్పుడు అదే డిస్కులో వేరే ఫోల్డర్ ఇవ్వండి, పాతదాని మీద రాయకండి. తెరిచే ఉంచిన ఆటోమేటిక్ బ్యాకప్ ప్రోగ్రాములుంటే వాటి గమ్యం కూడా ఆ కొత్త ఫోల్డర్‌కి మార్చండి.